గాలికి ఎగరబోసిన బంగారం

కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. ఒకాయన గాలివాటం చూసుకుని నిలబడతాడు. కాళ్ల దగ్గర ఖాళీ పళ్లెం. చేతుల్లోని పళ్లెం నిండా పొడిగా నలగ్గొట్టిన ఎర్రమట్టి. దాన్ని తలెత్తున పట్టి సన్నధారగా వంచుతాడు. దుమ్ము పక్కకు కొట్టుకుపోతుంది, బరువున్నది నేరుగా కింది పళ్లెంలో పడుతుంది. పళ్లేలు మార్చి మళ్లీ అదే పని. ఆఖరికి మిగిలిన గుప్పెడు ఇసుకను నోటితో ఊదుతాడు. ఎక్కడైనా ఒక పసుపు నలుసు కదలకుండా ఉండిపోతే ఆ పూట కష్టం ఫలించినట్టే.

1890లలో పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో బంగారం తీసింది ఇలాగే. బంగారాన్ని నీళ్లతో కడిగి తీయడమే లోకమంతా ఉన్న పద్ధతి. కంసాలి కొట్టు ముందు దుమ్ము ఊడ్చుకెళ్లి, కడిగి, రజను ఏరుకునేవాళ్లను మనం జలగడుగువారు అనేది అందుకే. కడిగినా, ఎగరబోసినా కిటుకు ఒక్కటే. ఇసుకలోని క్వార్ట్జ్ నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, బంగారం 19 రెట్లు. తాలుకూ గింజకూ ఉన్న తేడా లాంటిదే ఇదీ. కాకపోతే గాలి తూకం మోటుది. గింజంత ముక్కను వదిలేస్తుంది కానీ, సన్న రజనును దుమ్ముతోపాటే ఎత్తుకుపోతుంది. ఆ దుమ్మంతా పీల్చాల్సింది మళ్లీ ఆ మనిషే.

1892 సెప్టెంబరులో ఆర్థర్ బెయిలీ, విలియం ఫోర్డ్ అనే ఇద్దరికి కూల్‌గార్డీ దగ్గర బంగారం దొరికింది. బెయిలీ 554 ఔన్సులు, అంటే 17 కిలోల పైచిలుకు, గుర్రం మీద వేసుకుని సదరన్ క్రాస్ పట్నంలో దిగేసరికి అక్కడి జనమంతా ఎడారి దారి పట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో ప్యాడీ హానన్, టామ్ ఫ్లానగన్, డాన్ షే అనే ముగ్గురు ఐరిష్‌వాళ్లు ఇంకో చోటికి పోతూ కూల్‌గార్డీకి సుమారు 40 కిలోమీటర్ల అవతల ఆగారు. అక్కడ నేలమీదే బంగారం కనబడింది. జూన్ 17న హానన్ కూల్‌గార్డీకి వచ్చి ఆ జాగాను నమోదు చేయించాడు. వారం తిరక్కుండా వందలమంది అక్కడ గుడారాలు వేశారు. ముందు ‘హానన్స్’ అన్న ఆ ఊరే తర్వాత కాల్గూర్లీ అయింది. ఆ పేరు స్థానిక ఆదివాసుల మాట నుంచి వచ్చింది, అక్కడ కాసే ఒక అడవికాయ పేరు అది.

బంగారం నేలమీదికి ఎలా వచ్చింది? అక్కడి రాళ్ల వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. మన చిత్తూరు సరిహద్దున, ఎందరో తెలుగువాళ్లు కూలికి వెళ్లిన కోలార్ గనుల రాయిదీ ఇంచుమించు అదే వయసు, అదే జాతి. లోతు నుంచి వేడినీళ్లు రాతి పగుళ్లలోకి ఎగదన్ని, మోసుకొచ్చిన బంగారాన్ని అక్కడ వదిలిపోయాయి. తర్వాత కోట్ల ఏళ్లు ఎండా వానా ఆ రాతిని అరగదీశాయి. రాయి మట్టయి కొట్టుకుపోయింది. తుప్పు పట్టని, కరగని బంగారం మాత్రం ఉన్నచోటే పేరుకుంది.

కష్టమల్లా నీళ్లతోనే. కాల్గూర్లీలో ఏడాదికి 260 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అనంతపురం వానలో అది సగం. బావి తవ్వితే ఉప్పునీరు, చాలాచోట్ల సముద్రం కంటే ఉప్పన. పల్లం లేని ఆ నేలలో పడ్డ వాన ఆవిరైపోతుంది, వాన తెచ్చిన ఉప్పు యుగయుగాలుగా అక్కడే ఉండిపోతోంది. అందుకని ఇనప తొట్లలో ఉప్పునీరు కాచి, ఆవిరిని రేకు గొట్టాల్లో చల్లార్చి, గ్యాలన్ల లెక్కన అమ్మేవారు. వేడి రవ్వంత వృథా కాకపోయినా కిలో ఎండుకట్టెకు ఆరేడు లీటర్లకు మించి రావు. నిజానికి వచ్చేది అంతకంటే చాలా తక్కువ. చుట్టూ ఉన్న అడవి ఈ పొయ్యిల్లోకీ గనుల్లోకీ పోయింది. స్నానానికి, శుభ్రానికి నీళ్లు మిగలని గుడారాల్లో టైఫాయిడ్ ఎందరినో చంపింది.

ఇక్కడొకటి దాటవేయలేను. ఆ ఎడారిలో వేల ఏళ్లుగా ఆదివాసులు బతికారు. బండల్లోని గుంటల్లో వాననీరు నిలుస్తుంది, ఆకులు పడకుండా వాటి మీద రాయి మూతపెట్టి కాపాడుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్లు, వాళ్ల గుర్రాలూ ఒంటెలూ ఆ గుంటల్ని తోడేశారు. 1896లో కూల్‌గార్డీ వైపు నుంచి ఉత్తరానికి బయల్దేరిన డేవిడ్ కార్నెగీ అనే అన్వేషకుడు, ఆదివాసుల్ని పట్టి బంధించి మరీ నీళ్ల జాడ చెప్పించుకున్నాడు. ఆ ఊరి పుట్టుకలో ఇదీ భాగమే.

బంగారం కూడా ఆ కొత్తగా వచ్చినవాళ్లను ఏమార్చింది. పక్కనే ‘గోల్డెన్ మైల్’ అనే చోట తవ్విన రాతిలో ఇత్తడి రంగు ఖనిజం మెరిసేది. కాకిబంగారం అనుకుని దాన్ని బండిదారుల గుంతల్లో పోశారని ఊళ్లో చెప్పుకుంటారు. 1896లో పరీక్షిస్తే తేలిందేమిటంటే, అది టెల్లూరియం అనే మూలకంతో కలిసిన బంగారం. అందులో కాలవరైట్ అనే ఖనిజం బరువులో 40 శాతానికి పైగా బంగారమే. కాలిస్తే టెల్లూరియం పొగై పోతుంది, రాతి మీద చెమట పట్టినట్టు బంగారు పూసలు పైకి తేలతాయి. జనం దారులు తవ్వుకోవడానికి ఎగబడ్డారు.

తాగునీటి సంగతి తేల్చింది మాత్రం ప్రభుత్వ ఇంజనీరు సి.వై. ఓకానర్. పెర్త్ దగ్గర హెలెనా నది మీద ఆనకట్ట కట్టి, 500 కిలోమీటర్లకు పైగా ఉక్కు గొట్టం వేసి, 300 మీటర్లకు మించిన ఎత్తుకు నీళ్లు ఎక్కించాలన్నది ఆయన ప్రతిపాదన. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది, గొట్టంలో రాపిడి దానికి అదనం. అంత ఒత్తిడి ఒకేచోట పెడితే గొట్టం పగులుతుంది. అందుకే దారిపొడవునా ఎనిమిది పంపింగ్ స్టేషన్లు పెట్టాడు. రేకుల్ని కలిపే మేకుల (రివెట్ల) బెజ్జాల్లోంచి నీళ్లు కారకుండా, రేకుల అంచుల్ని పొడవాటి ఉక్కు పట్టీలో బిగించే గొట్టాలు వాడాడు.

పత్రికలు ఆయన్ను వెర్రివాడన్నాయి, అవినీతిపరుడన్నాయి. విచారణలు మొదలయ్యాయి. 1902 మార్చి 10న ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరి 24న కాల్గూర్లీకి నీళ్లొచ్చాయి, రోజుకు 50 లక్షల గ్యాలన్ల లెక్కన కట్టిన గొట్టంలో. ఆయన రాసి పెట్టిన ఉత్తరంలో, పథకం బాగానే ఉందని, అవకాశమిస్తే పూర్తిచేయగలిగేవాణ్ననీ ఉంది. దాని అడుగున ఇంకో వాక్యం చేర్చాడు: హెలెనా ఆనకట్టకు రెక్కగోడలు వెంటనే కట్టించండి.