ఎస్వీ రంగారావు బెస్ట్ రోల్ ఏది? ఒక ఎడిటర్ విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

నలుగురు సినిమా పిచ్చోళ్ళు ఒకచోట కూర్చుంటే అరగంట తిరక్కుండా మాట ఎస్వీ రంగారావు దగ్గరికి వచ్చేస్తుంది. ఘటోత్కచుడా, కీచకుడా, నేపాళ మాంత్రికుడా? ఎవడి లిస్టు వాడిది, ఎవడూ తగ్గడు. నేను ఎడిటింగ్ చేసే మనిషిని. నటుల మొహాల్ని రోజంతా ముందుకీ వెనక్కీ తిప్పి చూడటం, మాట ఎక్కడ ఆపాలో, ఎదుటివాడి మొహం మీదికి ఎప్పుడు వెళ్ళాలో తేల్చడం నా పని. ఆ కళ్ళతో చూస్తే ఈ లిస్టుల వెనకున్న నమ్మకాలు కొన్ని నిలబడవు.

అపోహ: ఎస్వీఆర్ అంటే వయసు మళ్ళాక పెద్దరికం పాత్రలతో నిలబడ్డ నటుడు.

అసలు ఆయనకు వయసు మళ్ళిందెప్పుడు? 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు, 1974 జూలై 18న మద్రాసులో పోయారు. నిండా 56 ఏళ్ళు. ‘పాతాళభైరవి’ 1951 మార్చిలో వచ్చింది. ఆ గడ్డం మాంత్రికుడికి అప్పుడు 32 ఏళ్ళు, తోటరాముడు ఎన్టీఆర్‌కి 27. ‘మిస్సమ్మ’ జమీందారు నాటికి 36. 1957లో ‘సారంగధర’లో ఎన్టీఆర్‌కి తండ్రి రాజరాజనరేంద్రుడు, అదే ఏడాది ‘మాయాబజార్’లో ఏఎన్నార్‌కి అన్న. తండ్రికీ కొడుక్కీ అసలు తేడా అయిదేళ్ళు!

ఇందులో మేకప్ వాటా కొంతే. గడ్డం, నెరిసిన జుట్టు ఎవరికైనా అతికించవచ్చు. మా దగ్గరికి వచ్చే రష్‌లో, అంటే ఇంకా కత్తిరించని ఫుటేజ్‌లో, కుర్ర నటుడు ముసలివేషం వేస్తే ఇట్టే దొరికిపోతాడు. పిలవగానే మెడ చటుక్కున తిప్పుతాడు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తాడు. ‘మిస్సమ్మ’ జమీందారు కూర్చునే తీరు, లేచే తీరు, భార్యగా వేసిన ఋష్యేంద్రమణి వైపు తిరిగే తీరు చూడండి. తొందరన్నది ఎక్కడా ఉండదు. అలాగని మూలుగులూ దగ్గులూ పెట్టి వయసును చాటుకోరు. 36 ఏళ్ళ మనిషి పెళ్ళీడు ఆడపిల్లల తండ్రిగా కనపడుతుంటే ఆ సంగతి మనకు తట్టనే తట్టదు.

అపోహ: గొంతే సగం నటన. ఘటోత్కచుడంటే ఆ గొంతే.

గొంతు గొప్పదే, కాదనను. కానీ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడివి ఎన్ని గొంతులో లెక్కపెట్టారా? మాటలు రంగారావువి. ‘వివాహభోజనంబు’ పాట మాధవపెద్ది సత్యంది. ‘అహ నా పెళ్ళంట’లో సుశీల గొంతు మధ్యన వచ్చే మగగొంతు ఘంటసాలది. మూడు గొంతులు కలిసి ఒకే రాక్షసుడిగా వినపడుతున్నాయంటే దానికి కారణం ఒళ్ళు.

ఇంకో అడుగు ముందుకెళ్దాం. ఘటోత్కచుడి గొప్ప సీన్లు కొన్నింట్లో రంగారావు ఫ్రేములోనే లేరు. మాయా శశిరేఖ ఎవరు? ఘటోత్కచుడే. తెర మీద ఉన్నది సావిత్రి. ఆవిడ ఒక మగవాడి నడక, భుజాల విరుపు, కనుబొమల ఎగరవేత వాడుతుంటే చూసేవాళ్ళకు రంగారావు కనపడతారు. అది పండాలంటే ముందు ఆయన ఒంటికంటూ ఒక వ్యాకరణం ఉండాలి, ప్రేక్షకుడు దాన్ని అప్పటికే నేర్చుకుని ఉండాలి. అడవిలో సుభద్రను, అభిమన్యుణ్ణి అడ్డగించిన సీను నుంచే రంగారావు ఆ పాఠం మొదలుపెట్టారు. సావిత్రి ప్రతిభకు దండం పెట్టే ప్రతివాళ్ళూ, ఆవిడ అనుకరించడానికి వీలైన అసలును తయారుచేసినాయన లెక్కలో కూడా ఒక మార్కు వేయాలి.

అపోహ: లెంగ్త్ ఎక్కువున్న పాత్రే బెస్ట్ రోల్.

ఈ రోగం నటులకే ఎక్కువ. సీన్లు లెక్కపెట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ‘నర్తనశాల’ 1963లో వచ్చింది, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం. అందులో కీచకుడు చివరిదాకా ఉండడు, ఉండటానికి వీల్లేదు కూడా. అతను చచ్చాకే ఉత్తర గోగ్రహణం. క్లైమాక్సు బృహన్నలది. అయినా 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు కీచకుడికే దక్కింది. కళాదర్శకుడు టి.వి.ఎస్. శర్మకు కూడా అక్కడే అవార్డు వచ్చింది, ఆ మాట ఎవరూ ఎత్తరు.

కీచకుడి దగ్గర కాసేపు ఆగాలి. సైరంధ్రిని మొదటిసారి చూసినప్పటి నుంచీ రంగారావు అతన్ని మోటు కాముకుడిగా చూపించరు. రాజుగారి బావమరిది, సేనాపతి, అడిగింది కాదనిపించుకోని అలవాటు. ఆ అలవాటునే ఆయన నటించారు. చూపు ముందు నెమ్మదిగా పోతుంది, నడక దాని వెనక వస్తుంది. సుదేష్ణగా వేసిన సంధ్యతో మాట్లాడే చోట అక్క మీద గారాబం ఉంటుంది, ఆ గారాబంలోనే బెదిరింపు కూడా. ఒకే మాటలో రెండూ పెట్టడం రాసినవాడికే కష్టం, పలికేవాడి సంగతి చెప్పేదేముంది. తెలుగు సినిమాలో ఆడదాన్ని వేధించే పాత్రలు లెక్కలేనన్ని వచ్చాయి. చాలామంది నాలుకతో, నవ్వుతో పని కానిచ్చేస్తారు. ఈ కీచకుడు భయపెట్టడానికి కారణం అతనికి తను తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించకపోవడం.

అపోహ: ఆ కాలం వాళ్ళంతా సింగిల్ టేక్ ఆర్టిస్టులు.

ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. టేకులు తక్కువ అయ్యుండొచ్చు, దాని వెనక పని తక్కువేం కాదు. ముడి ఫిల్ము ఖరీదైన సరుకు. మాటలు ఎక్కువగా సెట్ మీదే రికార్డయ్యేవి కాబట్టి తర్వాత డబ్బింగులో సర్దుకుందామనే ధీమా కూడా లేదు. అందుకే రిహార్సల్స్. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిగారైతే షూటింగుకు ముందే సీన్లు చదివించి, గడియారం పెట్టి నిడివి లెక్క కట్టేవారని ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసిన సింగీతం శ్రీనివాసరావుగారు చెబుతూ వచ్చారు. అంటే సినిమా సగం ఎడిటింగ్ కాగితం మీదే అయిపోయేది. ఇప్పుడు మా టైమ్‌లైన్ మీదికి ఒక్క సీనుకు గంటల కొద్దీ ఫుటేజ్ వచ్చిపడుతుంది, అందులోంచి సీనును వెతుక్కోవాలి. ‘మాయాబజార్’ ఎడిటర్లు సి.పి. జంబులింగం, జి. కల్యాణసుందరం. ఆ సినిమాలో మాట అయిపోయాక మొహం మీద షాటు ఎంతసేపు నిలిపారో చూసి నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ ఇద్దరి పేర్లూ ఏ అభిమాని లిస్టులోనూ ఉండవు. కులాభిమానం లాంటిదే ఇదీ, ఎడిటర్‌ని కదా.

అపోహ: క్లిప్పులు చూస్తే చాలు, నటుడు అర్థమవుతాడు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతోంది. ఫోన్లో తిరిగే క్లిప్పు ఎక్కడ ఆగుతుందో గమనించండి. ‘సాహసం శాయరా డింభకా’ అని మాట అయిపోగానే కట్. మ్యూజిక్కు, చప్పట్లు, అయిపోయింది. మాట అన్నాక ఆ మాట ఎదుటివాడి మీద పనిచేసిందా లేదా అని మాంత్రికుడు చూసే చూపు పోయింది. మా వృత్తిలో దాన్ని రియాక్షన్ అంటాం. నటుడి సత్తా తేలేది అక్కడ. డైలాగు పింగళి నాగేంద్రరావుగారిది, ఎవరు పలికినా కొంత పేలుతుంది. ఆ తర్వాతి చూపు మాత్రం పూర్తిగా ఆయనదే.

రెండో నష్టం ఫ్రేములో. ఆ సినిమాలు దాదాపు చదరంగా ఉండే ఫ్రేముకు తీసినవి. టీవీ నిండాలని వాటిని వెడల్పు చేసి వదిలినప్పుడు పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ ఎగిరిపోతుంది. కిరీటం తెగుతుంది, చేతులు తెగుతాయి. చేతులు తెగిన ఎస్వీఆర్‌ని చూసి ఆయన నటన మీద తీర్పు చెప్పడం న్యాయమేనా? కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే అంత జాగ్రత్తగా పేర్చిన వెలుగునీడల సంగతి సరేసరి. 2010లో రంగులద్ది స్కోప్‌లో, అంటే వెడల్పు తెర ఫ్రేములో, విడుదల చేసిన ‘మాయాబజార్’ను హాల్లో జనం బాగానే చూశారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించారు, సంతోషమే. కానీ ఆ వెర్షన్లో కొన్ని పాటలు లేవు, ఫ్రేము కూడా అసలుది కాదు. మొదటిసారి చూసేవాళ్ళకు నా సలహా నలుపు తెలుపే.

అపోహ: ఆయనొస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు కూడా చెమటలు పట్టేవి.

సెట్ కథలు వినడానికి బాగుంటాయి. ఒకరు చెప్పింది ఇంకొకరు పెంచి చెబుతారు. నేను వాటిని కొట్టిపారేయను, లెక్కలోకీ తీసుకోను. తెర మీద ఉన్నది మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు. ‘పాతాళభైరవి’లో ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపించే సజెషన్ షాట్లలో ఎన్టీఆర్ ఎక్కడా తగ్గలేదు, రంగారావు ఎక్కడా తొక్కలేదు. ఎదుటి నటుడికి జాగా ఇవ్వడం కూడా నటనలో భాగమే. మీదపడి ఫ్రేమును మింగే నటులతో ఎడిటర్లు పడే పాట్లు మాకు తెలుసు.

అపోహ: పౌరాణికాల్లో రాక్షసుడు, జానపదాల్లో విలను. సాంఘికాలు ఏదో పక్కపని.

‘షావుకారు’లో సున్నం రంగడు, ‘పెళ్ళిచేసిచూడు’, ‘మిస్సమ్మ’, చివరి రోజుల్లో దాసరి నారాయణరావు మొదటి సినిమా ‘తాత మనవడు’. ఈ వరస చాలదా? కాకినాడ నాటకాల రోజుల్లో తనతో పాటు రంగం మీద ఉన్న అంజలీదేవి ‘తాత మనవడు’లో కూడా ఉన్నారు. మధ్యలో ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ సినిమాలకు స్వయంగా దర్శకత్వం కూడా వహించారు. ఆ రెండూ సాంఘికాలే.

నన్నడిగితే మొదటి స్థానం ‘బంగారు పాప’ కోటయ్యకు ఇస్తాను. బి.ఎన్. రెడ్డిగారి సినిమా, మాటలు పాలగుమ్మి పద్మరాజుగారివి, మూలం ‘సైలాస్ మార్నర్’ అనే ఇంగ్లీషు నవల. కోటయ్య మొరటువాడు, పగతో ఉన్నవాడు, చేతికి ఒక పసిపాప వస్తుంది. మాటలతో చెప్పుకునే మనిషి కాదు కాబట్టి మార్పంతా ఒంట్లోనే జరగాలి. అంత పెద్ద చేతులు పసిబిడ్డ దగ్గర ఏం చేయాలో తెలియక తడబడటం చూడాలి. కేకలు లేవు, పంచ్ డైలాగు లేదు, అందుకే క్లిప్పూ లేదు, అందుకే లిస్టుల్లో కిందికి జారిపోయింది.

పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ దీనికి తిరగేసిన కథ. ఇక్కడ కొడుకు ముద్దొచ్చేవాడే, పగ మధ్యలో వస్తుంది. ప్రహ్లాదుడిగా వేసిన చిన్నారి రోజారమణి పక్కన 48 ఏళ్ళ హిరణ్యకశిపుడు. గర్జించేది అందరూ గుర్తుపెట్టుకున్నారు. చంపమని పంపిన పిల్లవాడు బతికొచ్చినప్పుడు ఆ మొహంలో కోపం కంటే ముందు వచ్చేదేమిటో ఈసారి సౌండ్ తీసేసి చూడండి.

అపోహ: పద్మ అవార్డు రాలేదు కాబట్టి ఆయనకు గుర్తింపు దక్కలేదు.

రాలేదు, నిజమే. ఈ ఒక్క వాక్యం మీద గంటలు గంటలు బాధపడేవాళ్ళు ఆ టైములో ‘బంగారు పాప’ చూడొచ్చు.

అపోహ: ఆయన మనవాడే, తమిళంలో కనపడేవన్నీ డబ్బింగులు.

తమిళ అభిమానుల లిస్టు అడిగి చూడండి, మనకు తెలియని పేర్లు చెబుతారు. ‘పడిక్కాద మేదై’, ‘నానుమ్ ఒరు పెణ్’ మొదలుపెడతారు. అవి నేరుగా తమిళంలో తీసినవి. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ రెండు భాషల్లోనూ విడివిడిగా తీశారు, రెండింట్లోనూ రంగారావు ఉన్నారు. తమిళ మాయాబజార్‌లో అభిమన్యుడు ఏఎన్నార్ కాదు, జెమినీ గణేశన్. ఒకే పాత్ర, ఒకే సెట్టు, ఎదుట మాత్రం వేరే మనిషి. నటుడు ఎదుటివాణ్ణి బట్టి ఎంత మారతాడో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. కొత్తగా చేరే అసిస్టెంట్లకు అడవిలో అన్నదమ్ములు ఎదురుపడే సీను రెండు భాషల్లోనూ వెంటవెంటనే వేసి చూపిస్తుంటాను. ఎవరి పక్కన ఆయన అన్నగా ఎక్కువ నప్పారన్నది మా ఎడిటింగ్ రూములో ఇప్పటికీ తేలలేదు. నా ఓటు తెలుగుకే. అది భాషాభిమానమని మా తమిళ అసిస్టెంటు అంటాడు.