తోలు మీద వినైల్ అంటించడం: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

అనంతపురంలో మా ఇంటి ముందు గదిలో హీట్ ప్రెస్సు (వేడితో ఒత్తే యంత్రం) పెట్టుకొని ఆరేళ్లయింది. వినైల్ అనే పలుచని ప్లాస్టిక్ పొరతో వస్తువుల మీద పేర్లు, బొమ్మలు అంటిస్తుంటా. టీషర్టులు, సంచులు సగం; పర్సులు, బెల్టులు, కీచైన్లు, డైరీ అట్టలు సగం. గుడ్డ మీద పని వారంలో చేతికొచ్చింది. తోలు మీద చెడగొట్టినవి మాత్రం ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. పారెయ్యలేదు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ల ముందు మొదట ఆ డబ్బానే బోర్లిస్తా.

ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్లు అడిగేవి, చేసి పాడుచేసుకున్నాక వచ్చినవాళ్లు చెప్పేవి కలిపి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇదీ రేడియం స్టిక్కరే కదా!

కాదు. బైకుల మీద పేర్లు కోసిచ్చే రేడియం షాపుల్లో వాడేది వెనక బంక ఉన్న స్టిక్కరు. వేలితో నొక్కితే అంటుకుంటుంది. (అందులో రేడియం రవ్వంత కూడా ఉండదు. ఆ పేరు మాత్రం స్టిక్కరు కంటే గట్టిగా అతుక్కుపోయింది.) హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్ అంటే పలుచని ప్లాస్టిక్ పొర, దాని అడుగున వేడికి మాత్రమే కరిగే జిగురు, పైన పట్టి ఉంచే క్యారియర్ షీటు. చల్లగా ఉన్నంతసేపు ఎక్కడా అంటదు. జిగురు వైపు నుంచి కోస్తాం కాబట్టి డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోయాలి.

తెలుగు పేర్లకు ఇంకో చిక్కుంది. ప, స, హ లాంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది. అక్కర్లేని వినైల్‌ను గుండుసూదితో లాగేటప్పుడు ఆ తలకట్టు కూడా చెత్తతో లేచిపోతుంది. ఒక పర్సు మీద ‘హంస’ అని వేశా. స మీద తలకట్టు పోయింది, నేను చూసుకోలేదు. పర్సు చేతికి తీసుకున్న రెండో తరగతి పిల్ల చూడగానే పట్టేసింది. అప్పట్నుంచి కోసే ముందు తలకట్లు లెక్కపెట్టుకుంటా, లాగాక మళ్లీ లెక్కపెడతా. వత్తులు, సుడులు కూడా అంతే. గీత 2 మిల్లీమీటర్లకు తగ్గితే చేతికి చిక్కదు. లావుపాటి ఫాంటు తీసుకోండి, అందం కొంచెం తగ్గినా సరే.

అపోహ: అసలైన తోలైతే చాలు, అంటుకుంటుంది

ఎక్కువ పర్సులు పాడయ్యేది ఇక్కడే. వేడి ఎంత పెట్టాలని అందరూ అడుగుతారు. తోలు మీద ఏముందని అడిగినవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. మనం అంటించేది తోలుకు కాదు, తోలు మీదున్న పూతకు. ఆ పూత వినైల్‌ను పట్టుకుంటేనే పని నిలుస్తుంది.

ఒక మూల నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకొని నల్లబడితే పూత లేని తోలు. దానికి జిగురు బాగా పడుతుంది, కానీ ఆ చుక్క ఆరేదాకా ప్రెస్సు దగ్గరికి తీసుకుపోకండి. చుక్క ముత్యంలా నిలబడితే పైన రంగు పూతో, మైనమో, నూనెనో ఉన్నట్టు. అది తేల్చుకోవడానికి తోలును వంచండి. వంచిన చోట రంగు పాలిపోయి, వదిలేస్తే మళ్లీ ముదురు రంగుకొస్తే అది నూనె పట్టించిన తోలు. పాతకాలపు వస్తువులా కనిపిస్తుందని ఇప్పుడు పర్సులకు ఎక్కువగా అదే వాడుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, వినైల్‌కు మాత్రం పనికిరాదు. నూగులా మెత్తగా ఉండే స్వేడ్ తోలు కూడా వద్దు. వినైల్ ఆ నూగును పట్టుకుంటుంది, నూగేమో తోలును వదిలేస్తుంది. గరుకు ముద్ర లోతుగా ఉన్న తోలు మీద వినైల్ గుట్టల మీదే కూర్చుంటుంది, గుంటల్లో దిగదు. నున్నటి తోలు, సన్నటి పూత ఉన్నది దొరికితే సగం పని అయినట్టే.

ఈ పాఠం నాకు ఒక జత కిర్రు చెప్పులు నేర్పాయి. ఒకాయన వాళ్ల తాతకు డెబ్బయ్యో పుట్టినరోజని ఆ చెప్పుల పట్టీల మీద తాత పేరు వేయమన్నాడు. పాత చెప్పులే కావాలట, కొత్తవి తాత తొడగడట. స్పిరిట్ దూదితో రెండుసార్లు తుడిచి, పొడి గుడ్డతో ఒత్తి, ప్రెస్సులో పెట్టా. తీస్తే పేరు చక్కగా కూర్చుంది. మర్నాడు పొద్దున చూస్తే అక్షరాల అంచులు చేప పొలుసుల్లా పైకి లేచి ఉన్నాయి. కింద వేలు పెడితే జిడ్డు. తాత నెలకోసారి ఆముదం రాస్తాడని అప్పుడు చెప్పినాడు మనవడు. “పగలకూడదని రాస్తాడక్కా, నేను చిన్నప్పట్నుంచి చూస్తాండా.” ఏళ్ల తరబడి తోలు తాగిన ఆముదం వేడి తగలగానే పైకి ఊరింది. పైన తుడిస్తే పోయేది కాదది. తప్పు నాదే, అడగాల్సింది నేను. చివరికి అట్టపెట్టె మీద పేరు వేసి ఇచ్చా.

కొత్త పర్సుకు కూడా ముందు పాలిష్, క్రీము, కొబ్బరి నూనె రాయకండి. రాయాలనుంటే అంటించాక, వినైల్‌ను తప్పించి రాయండి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. దాన్ని కూడా ముందు లోపలి మూల పూసి, దూదికి రంగు దిగుతుందేమో చూడండి. దిగితే పూత కరుగుతున్నట్టు, అక్కడితో ఆపేయండి.

అపోహ: వేడి ఎంత ఎక్కువైతే అంత గట్టిగా పట్టుకుంటుంది

టీషర్టు అలవాటు ఇది. నూలు బట్టకు 150, 160 డిగ్రీలు పెట్టినా ఏం కాదు. తోలు చర్మం. దాన్ని నిలబెట్టేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. పదును పెట్టని, అంటే కుళ్లిపోకుండా శుద్ధి చేయని, పచ్చి చర్మం తడిగా ఉంటే 60, 65 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది. చెట్టు బెరడుతో పదును పెట్టిన తోలు తడిమీద 75 నుంచి 85 దాకా తట్టుకుంటుంది. క్రోమియం ఉప్పుతో పదును పెట్టింది 100 దాటినా నిలబడుతుంది. తోలు ఎండుగా ఉంటే ఈ అంకెలు బాగా పెరుగుతాయి కాబట్టే మనం ఈ పని చేయగలుగుతున్నాం. తడి గుడ్డతో తుడిచిన వెంటనే ప్రెస్ చేసి చెడగొట్టినవి నా డబ్బాలో చాలా ఉన్నాయి. మా ఊళ్లో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు, తోలు పొడిగానే ఉంటుందిలే అనుకోవద్దు. బీరువాలో చీరల మధ్య ఉన్న పర్సుకు వానాకాలంలో బూజు పట్టడం మీరూ చూసే ఉంటారు.

పదును ఏదో తెలియాలంటే కోసిన అంచు చూడండి. లోపలంతా గోధుమరంగు ఉంటే బెరడు పదును. మధ్యలో నీలి బూడిద రంగు గీత కనిపిస్తే క్రోమ్.

నేను తక్కువ వేడికి అంటే వినైల్ తీసుకొని 130 డిగ్రీల దగ్గర 10 సెకన్లు పెడతా. ఒత్తిడి తక్కువే. ఎక్కువైతే క్యారియర్ షీటు అంచు తోలు మీద చట్రంలా అచ్చు పడుతుంది, అది మళ్లీ పోదు. షీటు తీసేశాక పైన బటర్ పేపరు వేసి ఇంకో 5 సెకన్లు. అతకలేదనిపిస్తే ఇంకో 5 సెకన్లు పెట్టండి, ఇంకో 20 డిగ్రీలు కాదు. జిగురు కరిగాక దానికి ఇంకా వేడి అక్కర్లేదు. పోస్తూ పోతే అంచుల్లోంచి బయటికి కారుతుంది, అడుగున పలచబడుతుంది, తోలేమో బిరుసెక్కుతుంది.

బటర్ పేపరంటే కేకుల పనికి వాడేది. దర్జీ దగ్గర దొరికే ట్రేసింగు కాగితం కాదు.

అపోహ: హీట్ ప్రెస్సు లేకపోతే ఈ పని కాదు

అరచేతి కన్నా చిన్న డిజైనుకు ఇస్త్రీ పెట్టె చాలు. బొగ్గుల పెట్టె మాత్రం వద్దు, దాని వేడి మన చేతిలో ఉండదు. కరెంటు పెట్టెకు చుక్కలుంటాయి: ఒక చుక్కకు సుమారు 110 డిగ్రీలు, రెండింటికి 150, మూడింటికి 200. ఒక చుక్కకు, రెండు చుక్కలకు మధ్యలో తిప్పి పెట్టండి. లైటు ఆరిన వెంటనే పెట్టకండి. అప్పుడే వేడి చివరి మెట్టు మీద ఉంటుంది. రెండు మూడుసార్లు వెలిగి ఆరనిచ్చి, తర్వాత పెట్టండి.

ఆవిరి పెట్టె అయితే నీళ్లన్నీ పారబోయండి. దాని అడుగున ఉన్న రంధ్రాల కింద వేడి తగలదు, సరిగ్గా అక్కడే అక్షరం లేస్తుంది. నున్నటి అడుగున్న మామూలు పెట్టె ఉంటే అది వాడండి. దుప్పటి మడత మీద పెడితే ఒత్తిడి అందదు, చపాతీ పీట బోర్లించి దాని మీద పెట్టండి. పెట్టెను బట్టల మీద తోసినట్టు తోయకండి. పెట్టి, నొక్కి, పదిదాకా లెక్కపెట్టి, ఎత్తండి.

అపోహ: వేడిమీద లాగేస్తేనే షీటు బాగా వస్తుంది

కొన్ని రకాలకు టీషర్టు మీద నిజమే. తోలు మీద చల్లారనివ్వండి. వేడిగా ఉన్న తోలు మెత్తగా సాగుతుంది, షీటుతో పాటు అక్షరమూ లేస్తుంది, ఒక్కోసారి పూతా లేస్తుంది.

అపోహ: రెక్సిన్ కూడా తోలు లాంటిదే

చూపుకే. రెక్సిన్ అంటే బట్ట మీద పూసిన పీవీసీ. వేడికి మెత్తబడి మెరుపెక్కుతుంది, లేదా బటర్ పేపరు బదులు పైన వేసే టెఫ్లాన్ షీటుకే అతుక్కుంటుంది. దాన్ని మెత్తగా ఉంచే నూనె పదార్థం మెల్లగా పైకి ఊరి, నెలల తర్వాత జిగురును వదిలిస్తుంది. వెనక నేత బట్ట కనిపిస్తే రెక్సిన్, పీచు పీచుగా ఉంటే తోలు. పీవీసీ బదులు పీయూ (పాలీయురేథేన్) పూసిన రకమైతే 120 డిగ్రీలు దాటకుండా, ముందు ఒక మూల పరీక్షించి చేయొచ్చు. బైకు సీట్లు నేనసలు ముట్టను. మే నెల ఎండలో నిలబెట్టిన బండి సీటును ఒకసారి తాకి చూడండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

అపోహ: ఒకసారి అంటిందంటే జీవితాంతం

మడత పడే చోట వేస్తే ఆ మడత దగ్గరే పగులుతుంది. పర్సు వీపు మధ్య, బెల్టు చిల్లుల దగ్గర, బూటు మడమ పైన వద్దు. మెరుపుల గ్లిట్టర్ వినైల్ మందం, మరీ త్వరగా విరుగుతుంది. డిజైన్ మడతను దాటక తప్పదంటే అక్కడ రెండు ముక్కలుగా కోసి సన్నటి సందు వదలండి. వెనక జేబులో పెట్టుకునే పర్సుకు చెమట, రాపిడి రెండూ ఉంటాయి. పదేళ్లు ఉండాలనేవాళ్లకు నేను ముద్ర కొట్టించుకోమనో, లేజర్‌తో చెక్కించుకోమనో చెప్పి పంపిస్తా. బేరం పోయినా ఫర్వాలేదు.

అపోహ: తోలుబొమ్మల తోలు మీద కూడా వేయొచ్చు

పోయినేడు ఒకామె నిమ్మలకుంటలో తోలుబొమ్మల తోలుతో చేసిన లాంపు షేడు తెచ్చింది. ధర్మవరం దగ్గరి ఆ ఊరు మొన్నటిదాకా మా జిల్లానే, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ షేడ్లు గృహప్రవేశాలకు బహుమతిగా బాగానే ఇస్తున్నారు. వాళ్లింటి పేరు దాని మీద వేయాలట. “బల్బు వేడికే ఏమీ కాలేదు కదక్కా, నీ ప్రెస్సుకేమైతాది?” అంది.

బల్బు వేడి గాలిలో కలిసిపోతుంది, ప్రెస్సు నేరుగా తోలునే పట్టుకుంటుంది. పైగా ఆ తోలు పదును పెట్టింది కాదు. మేక చర్మాన్ని శుభ్రం చేసి, బిగించి ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచగా గీకింది. చెప్తే ఆమె నమ్మలేదు. ఇంట్లో విరిగిన బొమ్మ చెయ్యి ఒకటుంటే తెచ్చి ప్రెస్సులో మూడు సెకన్లు పెట్టా. నూనెలో వేసిన అప్పడంలా అంచులు లోపలికి చుట్టుకున్నాయి. ఆమె షేడును మెల్లగా సంచిలో పెట్టుకుంది.

పేరు కావాలంటే చేసినవాళ్లనే అడగమన్నా. వాళ్లు ఉలితో సన్నటి చిల్లులు కొట్టి పేరు రాసిచ్చారట. ఫోటో పంపించింది: రాత్రి దీపం వేస్తే పేరు గోడ మీద పడుతోంది, తలకట్లన్నీ ఉన్నాయి.