పొరుగింటితో పోలిక: అమెరికాలో ఆస్తిపన్ను అప్పీళ్ల నేపథ్యం

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో సొంత ఇల్లున్న వారికి కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) నుంచో టౌన్‌షిప్ (అంతకంటే చిన్న స్థానిక విభాగం) నుంచో మదింపు నోటీసు వస్తుంది. ఇంటి విలువను అధికారులు ఎంతగా కట్టారో అందులో ఉంటుంది. ఆ అంకె ఎక్కువనిపించినవారు స్థానిక బోర్డు ముందుకు వెళ్లి అభ్యంతరం చెప్పుకోవచ్చు. మిషిగన్‌లో దీన్ని బోర్డ్ ఆఫ్ రివ్యూ అంటారు. అది మార్చి నెలలో సమావేశమవుతుంది. టెక్సస్‌లో అప్రైజల్ రివ్యూ బోర్డు ఉంది. అక్కడ ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, దాఖలు చేయడానికి సాధారణ గడువు మే 15, లేదా నోటీసు పంపిన తరువాత 30 రోజులు, వీటిలో ఏది ఆలస్యంగా వస్తే అది. ఇప్పుడు ఇంటి యజమానికున్న సహజమైన హక్కులా కనిపించే ఈ ఏర్పాటు వేరే అవసరం నుంచి పుట్టి, కోర్టు తీర్పుల మీదుగా నేటి రూపానికి వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆస్తిపన్ను అంటే ఇల్లూ స్థలమూ మాత్రమే లెక్కలోకి వచ్చేవి కావు. పశువులు, సామాను, బాండ్లు, వ్యాపార సరుకు అన్నింటినీ కలిపి ఒకే రేటుతో పన్ను వేయాలని అనేక రాష్ట్రాల రాజ్యాంగాలు ఆదేశించాయి. విలువ కట్టే అసెసర్ సాధారణంగా స్థానికులు ఎన్నుకున్న మనిషే. రాష్ట్ర ప్రభుత్వం కూడా తన ఖర్చులకు ఇదే పన్నుపై ఆధారపడి, కౌంటీలు చూపిన మొత్తం విలువను బట్టి వాటి వాటాలను నిర్ణయించేది. తమ కౌంటీలోని ఆస్తులకు తక్కువ విలువ కడితే రాష్ట్రానికి కట్టే వాటా తగ్గుతుందని గ్రహించడానికి అసెసర్లకు ఎంతో కాలం పట్టలేదు. ఒక కౌంటీ తగ్గించిందని పక్క కౌంటీ ఇంకా తగ్గించడం రివాజైంది. ఈ పోటీని అదుపు చేయడానికే రాష్ట్రాలు సమానీకరణ బోర్డులను ఏర్పాటు చేసుకున్నాయి. కాలిఫోర్నియా తన 1879 రాజ్యాంగంలోనే అలాంటి బోర్డుకు చోటిచ్చింది. కౌంటీకీ కౌంటీకీ మధ్య తేడాలు సరిదిద్దడం రాష్ట్ర బోర్డు పని కాగా, ఒకే ఊరిలోని ఆస్తుల మధ్య తేడాలను చూడటం స్థానిక బోర్డుల వంతైంది.

బోర్డు ముందు నిలబడి మాట్లాడే హక్కు మాత్రం న్యాయస్థానాల్లో తేలింది. డెన్వర్‌లో ఒక వీధిని బాగు చేయించిన ఖర్చును అక్కడి స్థలాల యజమానులపై వేసినప్పుడు, వారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే వీలు తప్ప విచారణ దొరకలేదు. 1908లో లండనర్ కేసులో సుప్రీం కోర్టు అది చాలదని చెప్పింది. ఎంత క్లుప్తంగానైనా వాదన వినిపించే అవకాశం, అవసరమైతే సాక్ష్యం చూపే అవకాశం ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. అయితే 1915లో అదే డెన్వర్ నుంచి మరో కేసు వచ్చింది. నగరంలోని మొత్తం ఆస్తుల విలువను రాష్ట్ర సమానీకరణ బోర్డు ఒక్కసారిగా 40 శాతం పెంచగా, ప్రతి యజమానినీ విడిగా వినాల్సిన పనిలేదని జస్టిస్ హోమ్స్ రాశారు. ఒక్కరి ఆస్తిపై నిర్ణయమైతే విచారణ ఉండాలి, అందరికీ ఒకేలా వర్తించే నిర్ణయమైతే ఓటు ద్వారానే అడగాలి అన్న ఈ గీత నేటికీ చెరిగిపోలేదు.

నా దృష్టిలో ఇంటి యజమానులకు వీటికంటే ఎక్కువ మేలు చేసింది 1923 నాటి సూ సిటీ బ్రిడ్జి కేసు. నెబ్రాస్కాలో ఒక వంతెనకు పూర్తి విలువపై పన్ను వేసి, అదే కౌంటీలోని మిగతా స్థిరాస్తులకు 55 శాతం విలువపైనే వేశారు. వంతెన కంపెనీ ఫిర్యాదు చేస్తే, కావాలంటే మిగతావారి విలువ పెంచమని అడుక్కోవాలని రాష్ట్ర కోర్టు చెప్పింది. ఊరంతటి మీదా కేసు వేసి గెలవమనడం ఎంత ఆచరణసాధ్యమో చెప్పనక్కరలేదు. సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, మిగతావారి స్థాయికి తన విలువను తగ్గించమని కోరే హక్కు యజమానికి ఉందని తేల్చింది. తన ఇంటికి కట్టిన విలువ మార్కెట్ ధరను మించకపోయినా, అలాంటి పొరుగిళ్లకు అంతకంటే తక్కువ కట్టారని చూపి తగ్గింపు అడిగే పద్ధతికి మూలం ఇక్కడుంది. టెక్సస్ చట్టంలో ఇది ‘అసమాన మదింపు’ అనే ప్రత్యేక కారణంగా చేరింది. ఆ రాష్ట్రంలో ఇళ్ల అమ్మకపు ధరలను వెల్లడించాలన్న నిబంధన లేదు కాబట్టి, మార్కెట్ ధర రుజువు చేయడం కంటే పొరుగిళ్ల మదింపులు చూపడమే చాలామందికి సులువు.

1960లలో శాన్‌ఫ్రాన్సిస్కో అసెసర్ రసెల్ వోల్డెన్, లంచాలు తీసుకుని వ్యాపార సంస్థల మదింపులు తగ్గించాడన్న కుంభకోణం బయటపడింది. దరిమిలా 1966లో కాలిఫోర్నియా, ఆస్తులన్నింటినీ మార్కెట్ విలువలో ఒకే నిష్పత్తికి మదింపు చేయాలని చట్టం తెచ్చింది. అంతకుముందు ఓట్ల కోసం ఇళ్లకు అనధికారికంగా తక్కువ విలువ కట్టేవారు కాబట్టి, నిజాయితీ వచ్చేసరికి ఇళ్ల పన్నే పెరిగింది. పాత అవినీతి అసెసర్‌నే తిరిగి తెమ్మంటూ జనం కార్లకు స్టిక్కర్లు అంటించుకున్నారు. ఆ తరువాతి దశకంలో ఇళ్ల ధరలు ఎగబాకడంతో 1978 జూన్‌లో ప్రజలు నేరుగా ఓటు వేసి తేల్చే ప్రతిపాదన 13 నెగ్గింది. 1975 నాటి విలువను ఆధారంగా తీసుకుని, ఇల్లు చేతులు మారే వరకు ఏటా 2 శాతానికి మించి పెంచరాదని, పన్ను ఆ విలువలో 1 శాతం దాటరాదని అది నిర్దేశించింది. మిషిగన్ కూడా 1994లో ఇటువంటి పరిమితినే పెట్టుకుంది.

పరిమితులతో కొత్త అసమానత వచ్చిపడింది. 1988లో లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొన్న ఒకామెకు, ఎప్పటినుంచో అక్కడున్న కొందరు పొరుగువారి కంటే దాదాపు ఐదు రెట్ల పన్ను పడింది. 1989లో వెస్ట్ వర్జీనియా బొగ్గు కంపెనీ కేసులో ఇటువంటి తేడాను తప్పుపట్టిన సుప్రీం కోర్టే, 1992లో ఆమె వేసిన నార్డ్లింగర్ కేసులో కాలిఫోర్నియా పద్ధతిని సమర్థించింది. వెస్ట్ వర్జీనియాలో అది అక్కడి చట్టానికి విరుద్ధంగా అసెసర్ చేసిన పని, కాలిఫోర్నియాలో ప్రజలు తెలిసి చేసుకున్న చట్టం అన్నది కోర్టు చూసిన భేదం.

టెక్సస్ 1979 చట్టంతో మదింపును అప్రైజల్ డిస్ట్రిక్టులు అనే ప్రత్యేక స్థానిక సంస్థలకు అప్పగించి, అభ్యంతరాలు వినేందుకు వేరుగా రివ్యూ బోర్డులు పెట్టింది. విచారణ క్లుప్తంగా సాగుతుంది. పన్ను భారంగా ఉందని మొరపెట్టుకుంటే లాభం లేదు, ఎందుకంటే బోర్డుకు రేటుపై అధికారం లేదు, విలువపైనే ఉంది. నిజంగా పనికొచ్చేవి చిన్న చిన్న కాగితాలు: చదరపు అడుగులు ఎక్కువగా పడిన రికార్డు కాపీ, పునాది పగుళ్ల ఫోటోలు, వాటి మరమ్మతుకు కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేటు, అదే కాలనీలోని అలాంటి ఇళ్ల వివరాలు. చాలా వివాదాలు బోర్డు దాకా రాకుండా డిస్ట్రిక్టు తరఫున విలువ కట్టే అప్రైజర్‌తో మాటల్లోనే తెగిపోతాయి.

వసూలు చేయాల్సిన మొత్తం ముందే నిర్ణయమయ్యే చోట, ఒకరికి దక్కిన తగ్గింపు మిగతావారిపైకి మళ్లుతుంది. చికాగో ఉన్న కుక్ కౌంటీలో ఇది రాజకీయ సమస్యే అయింది. అక్కడ ఇద్దరు సభ్యుల పాత అప్పీళ్ల బోర్డు స్థానంలో 1998లో ముగ్గురు ఎన్నికైన సభ్యుల బోర్డ్ ఆఫ్ రివ్యూ వచ్చింది. అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్‌గా ఉన్న మైకేల్ మాడిగన్, చికాగో నగర కౌన్సిల్‌లో పలుకుబడి ఉన్న ఎడ్వర్డ్ బర్క్, ఇద్దరి న్యాయ సంస్థలూ ఆస్తిపన్ను అప్పీళ్లు నడిపినవే. చౌక ఇళ్లకు వాటి ధరతో పోలిస్తే ఎక్కువ విలువ, ఖరీదైన ఇళ్లకు తక్కువ విలువ కడుతున్నారని, అప్పీళ్లు ఆ తేడాను ఇంకా పెంచుతున్నాయని 2017లో చికాగో ట్రిబ్యూన్ కథనాలు వెల్లడించాయి. మరుసటి ఏడాది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, అసెసర్ జోసెఫ్ బెరియోస్‌ను ఓడించి ఫ్రిట్జ్ కేగీ పదవిలోకి వచ్చారు. ఆయన కార్యాలయం వాణిజ్య భవనాల విలువలు పెంచగా, అప్పీళ్లలో బోర్డు వాటిలో చెప్పుకోదగ్గ భాగాన్ని తగ్గించింది. ఆ మేరకు భారం తిరిగి ఇళ్లవైపు మళ్లిందని అసెసర్ కార్యాలయం విమర్శించగా, బోర్డు సభ్యులు ఆయన లెక్కలనే తప్పుపట్టారు.