కుళ్ళినా మిగిలే నార

ఐస్‌క్రీమ్ డబ్బా మీద ‘స్టెబిలైజర్ 466’ అని చూసి, ‘ఇదేమన్నా ప్లాస్టిక్కా?’ అని ఒక పాఠకురాలు భయంగా అడిగారు. కాదండీ. అది కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పొట్టిగా సీఎంసీ. పేరు పొడుగైతే విషమే అనుకోవడం ఈమధ్య కొత్త మూఢనమ్మకమైపోయింది. కళ్ళు పొడిబారితే డాక్టర్లు రాసే చుక్కల్లోనూ, టూత్‌పేస్టులోనూ ఉండేది ఇదే. దీన్ని ఎక్కువగా కలప గుజ్జు నుంచి, పత్తి గింజల మీది నూగు నుంచి తీస్తారు. గోగునార, జనపనారల నుంచీ చేయొచ్చు. నాకు ఈ నార పద్ధతంటేనే మహా ఇష్టం, సగం పని బ్యాక్టీరియాయే చేసి పెడుతుంది కాబట్టి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేస్తారు. మొదట బాసిల్లస్ అనే బ్యాక్టీరియా జాతులు నీటిలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. ఆ తర్వాత గాలి అక్కర్లేని క్లాస్ట్రీడియంల వంతు. చెరువుగట్టు మీద ముక్కు మూయించే కంపులో వాటి బ్యూటిరిక్ ఆమ్లం వాటా పెద్దది. పోగుల్ని కాండానికి అతికించి ఉంచే జిగురు పెక్టిన్. ఈ బ్యాక్టీరియా తిండి అదే. రెండు మూడు వారాలకు పుల్ల మొదలు విరిచి లాగితే నార జారుగా ఊడి వస్తుంది. ఇంకా నాననిస్తే నారలోని అసలు సరుకైన సెల్యులోజ్‌ను తినే బ్యాక్టీరియా కూడా చేరతాయి, పోగు చేతిలోనే తెగుతుంది. అందుకే పశ్చిమ బెంగాల్ బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ వాళ్ళు, నార ఊరేసేటప్పుడు చల్లే తమ ‘క్రైజాఫ్ సోనా’ పొడికి పెక్టిన్‌ను కరిగించి సెల్యులోజ్ జోలికి పోని బాసిల్లస్ రకాలను ఏరారు. ఏం తింటుందన్నదే కాదు, ఏం వదిలేస్తుందన్నదీ చూసి ఎంచిన బ్యాక్టీరియా! కట్టల మీద బరువుకు మట్టిగడ్డలు పెట్టకపోవడం మంచిది. మట్టిలోని ఇనుము కాండంలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నారను నల్లబరుస్తుంది.

నారకు బిరుసుదనమిచ్చే లిగ్నిన్ ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని క్షారంతో, పెరాక్సైడ్‌తో వదిలిస్తే చేతికొచ్చేది సెల్యులోజ్. బడిలో ‘సెల్యులోజ్ నీటిలో కరగదు’ అని రాయించి ఊరుకుంటారు. ఎందుకు కరగదన్నదే అసలు పాఠం. తిరునాళ్ళలో తప్పిపోకుండా చేతులు పట్టుకున్న పిల్లల వరుసల్ని ఊహించండి. ఒక్కో పిల్లవాడు ఒక గ్లూకోజ్. ఒక్కొక్కడికీ మూడు చేతులు, అంటే 2, 3, 6 కార్బన్ల మీది హైడ్రాక్సిల్స్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు). పక్కవాడితోనూ, పక్క వరుసతోనూ చేతులు కలుపుతారు. ఒక్క పట్టు ఇట్టే విడిపోతుంది. వేల పట్లు కలిస్తే మాత్రం జనం దూరలేరు. ఇక్కడ జనమంటే నీరు. కాస్టిక్ సోడా పోస్తే పట్లు సడలి వరుసలు ఉబ్బుతాయి. ఆ సందులో మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లం వచ్చి కొన్ని చేతులకు సంచులు తగిలిస్తుంది. అవే కార్బాక్సీమిథైల్ గుంపులు. సంచీ ఉన్న చేయి మునుపటిలా పట్టు బిగించలేదు. పైగా సంచులన్నిటిదీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వరుసలు విడిపోయి జనం లోపలికొచ్చేస్తారు. ఇలా సంచులు తగిలిన సెల్యులోజే సీఎంసీ.

పదిమంది పిల్లలకు సగటున నాలుగు సంచుల లోపయితే నార ఉబ్బుతుందే గానీ సరిగా కరగదు. ఏడెనిమిదైతే జిగటగా, తేటగా కరుగుతుంది. ఆ జిగటలో చిక్కుకున్న నీరు పెద్ద మంచు పలుకులుగా పెరగలేదు. కరిగీ కరగని ఐస్‌క్రీమ్‌ను మళ్ళీ గడ్డ కట్టించినా నాలుకకు ఇసుకలా తగలకుండా కాపాడేది ఆ సంచులే.