క్యాసరోల్‌లోకి డబ్బా సూప్ ఎలా వచ్చింది

డబ్బా సూప్ వంపి ఓవెన్‌లో పెట్టేస్తే అది వంటేనా? కూర, మాంసం, నూడుల్స్ లాంటివి సాస్‌తో కలిపి ఒకే గిన్నెలో ఓవెన్‌లో వండే క్యాసరోల్ మీద అమెరికా ఇళ్లలో ఇది పాత తగాదా. ఆ సూప్ అసలు ఏ పని కోసం అందులో చేరిందో చూస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

క్యాసరోల్ అంటే మొదట వంటకం కాదు, గిన్నె. ఓవెన్‌లోంచి తీసి అలాగే బల్ల మీద పెట్టే రకం. 1913లో కార్నింగ్ గ్లాస్ వర్క్స్ అనే గాజు కంపెనీ శాస్త్రవేత్త ఒకరు, బ్యాటరీల కోసం చేసిన గాజు జాడీ అడుగు కోసి ఇంటికి తెస్తే, ఆయన భార్య బెస్సీ లిటిల్‌టన్ అందులో కేక్ చేసింది. 1915కల్లా ఓవెన్ వేడికి తట్టుకునే పైరెక్స్ గాజు గిన్నెలు అమ్మకానికొచ్చాయి.

గిన్నె సరే, అందులోని కూర, మాంసం, నూడుల్స్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి కదా. ఆ పని వైట్ సాస్‌ది. వెన్నలో మైదా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. తొందరపడితే ఉండలు, ఏమరితే అడుగంటడం. 1897లో క్యాంప్‌బెల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జాన్ డోరెన్స్ నీళ్లు తగ్గించిన చిక్కని సూప్ తయారుచేశాడు. బరువు తగ్గి రవాణా చవకైంది. 1934లో అదే కంపెనీ క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూప్ తెచ్చింది. నిజానికి అది డబ్బాలో పెట్టిన వైట్ సాసే. అందులో పిండి ఉంటుంది కాబట్టి ఓవెన్ వేడికి సులభంగా విరగదు. చర్చి విందులకు పెద్ద గిన్నెలు మోసుకెళ్లే మిన్నెసోటా రాష్ట్రంలో దానికి ‘లూథరన్ బైండర్’ అని ముద్దుపేరు: లూథరన్ అంటే ఒక క్రైస్తవ శాఖ, బైండర్ అంటే పట్టి ఉంచేది. అక్కడ క్యాసరోల్‌ను హాట్‌డిష్ అంటారు.

అన్నిటికన్నా పేరుపడ్డది 1955 నాటి గ్రీన్ బీన్ క్యాసరోల్. న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో, క్యాంప్‌బెల్ వంటశాలలో డోర్కస్ రైలీ బృందం రూపొందించింది. 298 గ్రాముల సూప్ డబ్బా ఒకటి, అరకప్పు పాలు, చెంచాడు సోయా సాస్, చిటికెడు మిరియాల పొడి, ఉడికిన బీన్స్ నాలుగు కప్పులు, వేయించిన ఉల్లిపాయలు 1⅓ కప్పులు. ఉల్లిపాయల్లో సగమే లోపల కలపాలి. 175 డిగ్రీల సెల్సియస్‌లో 25 నిమిషాలయ్యాక ఒకసారి కలిపి, మిగతా సగం పైన చల్లి మరో 5 నిమిషాలు. ఆ సగాన్ని ముందే చల్లితే బీన్స్ వేడెక్కేలోపు మాడిపోతాయి.

చెడిపోయేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. డబ్బా బోర్లిస్తే సూప్ డబ్బా గాడుల అచ్చుతో సహా ముద్దగా జారిపడుతుంది. అది చూసి భయపడి, సూప్ కాచినట్టు ఇంకో డబ్బాడు నీళ్లు పోసేస్తారు, సాస్ నీళ్లనీళ్లగా అయిపోతుంది. గడ్డకట్టిన కూరగాయల్ని కరిగించి వడగట్టకుండా వేసినా ఇదే గతి. పచ్చి నూడుల్స్‌ది తిరగబడ్డ కష్టం: సాస్‌లోని తడంతా అవే పీల్చుకుని గట్టిపడతాయి, అందుకే కొంచెం పలుకుగా ఉడికించి వేయాలి.

రెండో చిక్కు ఉప్పు. డబ్బాలో, సోయా సాస్‌లో, వేయించిన ఉల్లిపాయల్లో కూడా ఉంటుంది. మళ్లీ వేస్తే నోట పెట్టలేం. డబ్బా వద్దనుకుంటే వెన్న, మైదా మూడేసి టేబుల్ స్పూన్లు, పాలు అరకప్పు, కూరగాయల స్టాక్ (కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లు) అరకప్పు, వేయించిన పుట్టగొడుగులు కొన్ని: దాదాపు ఒక డబ్బాకు సమానం. దించాక పలచగా అనిపించినా ఫర్వాలేదు, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది.