ఇంగ్లీషులో ‘కాదు’ అరిగిపోతూ వచ్చిన కథ

మా బడి ప్రార్థన హాలు గోడ మీద ‘జడ్జ్ నాట్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఏడో తరగతిలో నేను నోట్సులో ‘ఐ నో నాట్’ అని రాస్తే మాత్రం టీచర్‌గారు ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన ‘ఐ డు నాట్ నో’ అని దిద్దారు. గోడ మీద ఒప్పయింది నోట్సులో తప్పెందుకైందో చాలా రోజులు అర్థం కాలేదు. ఆవిడ దిద్దింది సరైనదే. కానీ నేను రాసిందీ ఇంగ్లీషే, కాకపోతే నాలుగు వందల ఏళ్ల కిందటిది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ‘నీ తమ్ముడెక్కడ?’ అని దేవుడు అడిగితే కయీను ఇచ్చే జవాబు అచ్చంగా ఇదే: ‘ఐ నో నాట్’. తెలుగు బైబిల్లో ‘నేనెరుగను’ అంటాడు.

ఇంకో ఆరేడు వందల ఏళ్లు వెనక్కి వెళ్తే అసలు ‘నాట్’ అనే మాటే ఉండదు. అప్పట్లో క్రియకు ముందు ‘నె’ అని ఒక్క అక్షరం చేర్చేవాళ్లు. ‘ఇచ్ నె సెజ్జె’ అంటే ‘నేను చెప్పను’. ఆ ‘నె’ పక్క మాటలకు అతుక్కుపోయేది కూడా. ‘నె’, ‘ఎవర్’ కలిస్తే ‘నెవర్’, ‘నె’, ‘వన్’ కలిస్తే ‘నన్’. ఇష్టమున్నా లేకపోయినా అనడానికి వాడే ‘విల్లీ నిల్లీ’లోని ‘నిల్’ కూడా అలా పుట్టిందే: ‘విల్’కి వ్యతిరేకం.

చిక్కల్లా ఆ ‘నె’ మరీ చిన్నది కావడమే. దాన్ని ఒత్తి పలకరు. గబగబా మాట్లాడితే వినపడదు. అది వినపడకపోతే వాక్యం అర్థమే తలకిందులైపోతుంది. అందుకని మనుషులు దానికి ఊతంగా ఇంకో మాట తెచ్చుకుంటారు. మనమూ అంతే కదా. ‘డబ్బు లేదు’ అంటే చాలనిపించక ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం. ‘చుక్క ముట్టను’, ‘అడుగు కదపను’ అంటాం. ఫ్రెంచివాళ్లు సరిగ్గా ఈ ‘అడుగు’నే పట్టుకున్నారు. వాళ్ల భాషలో ‘పా’ అంటే అడుగు. మొదట నడవడం గురించి చెప్పేటప్పుడే వాడినా, పోనుపోను ప్రతి ‘కాదు’లోనూ చేరింది. ఇవాళ మామూలు మాటల్లో వాళ్లు తమ భాషలోనూ ఉన్న పాత ‘నె’ని వదిలేసి ఒక్క ‘పా’తోనే కానిచ్చేస్తున్నారు.

ఇంగ్లీషు తెచ్చుకున్న ఊతం ‘నావిహ్ట్’, అంటే ఏ ఒక్కటీ కాదని. అది ‘నాట్’గా అరిగింది. కొంతకాలం ‘నె’, ‘నాట్’ రెండూ ఒకే వాక్యంలో క్రియకు అటూ ఇటూ నిలబడ్డాయి. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి ఛాసర్ తన కావ్యంలో ఒక వీరుణ్ణి పరిచయం చేస్తూ, అతను జీవితంలో ఎన్నడూ ఎవరితోనూ ఏ అనుచితమైన మాటా అనలేదని రెండు పాదాల్లో నాలుగు వ్యతిరేకపదాలు పేర్చాడు. ఎన్ని ఉంటే అంత గట్టిగా కాదన్నట్టు. 18వ శతాబ్దంలో బిషప్ రాబర్ట్ లౌత్ లాంటి వ్యాకరణవేత్తలు, రెండు వ్యతిరేకాలు కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని అవునవుతుందని సూత్రం చెప్పారు. ఆ లెక్కన ఛాసర్ వీరుడు బూతులు తిట్టేవాడైపోవాలి! భాషను లెక్కల పుస్తకంగా చూడటం అన్యాయమని నా గట్టి నమ్మకం. లండన్ వీధుల్లోనూ అమెరికా నల్లజాతివారి ఇంగ్లీషులోనూ ఇప్పటికీ ఆ పాత పద్ధతి బతికే ఉంది. అది తెలియనితనం కాదు, వాళ్ల మాటకున్న వ్యాకరణం.

తర్వాత ‘నె’ పూర్తిగా రాలిపోయి ‘ఐ సే నాట్’ మిగిలింది. 16వ శతాబ్దంలో ‘డు’ జోరందుకుంది. ‘విల్ నాట్’, ‘కెన్ నాట్’ అన్నప్పుడు ‘నాట్’ సహాయక్రియను అంటుకుని ఉంటుంది. ‘డు నాట్’తో మిగతా క్రియలకూ అదే వరస కుదిరింది. మనకు ‘రాను’ అంటే చాలు, కాదనడం క్రియలోనే ఉంది. జరిగిపోయిన సంగతికి మాత్రం ‘రాలేదు’ అని ‘లేదు’ సాయం తీసుకుంటాం. వాళ్లు అన్నిటికీ ‘డు’ సాయం తీసుకున్నారు. అన్ని క్రియలూ ఒకేసారి లొంగలేదు. ‘నో’, ‘డౌట్’, ‘కేర్’ లాంటివి రోజూ నోట్లో నానే మాటలు, పాత అలవాటును పట్టుకుని వేలాడాయి. కయీను జవాబు 1611లోనూ పాత పద్ధతిలో ఉండటానికి అదొక కారణం. ఒక నీలిపువ్వు పేరులో ఆ వరస ఇవాళ్టికీ ఉంది: ‘ఫర్‌గెట్ మీ నాట్’. 1961లో కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజున ‘ఆస్క్ నాట్’ అన్నదీ ఈ పాత వరసకుండే గాంభీర్యం కోసమే.

‘కాదు’ అరిగిపోవడం, ఊతం తెచ్చుకోవడం, చివరికి ఆ ఊతమే ‘కాదు’ అయిపోవడం: ఈ చక్రాన్ని 1917లో డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ వివరంగా రాశాడు. అందుకే దాన్ని ‘యెస్పర్సన్ చక్రం’ అంటారు. అది ఆగినట్టు లేదు. ‘డు నాట్’ కాస్తా ‘డోంట్’ అయింది, ‘కెన్ నాట్’ ‘కాంట్’ అయింది. అమెరికాలో దాన్ని ‘క్యాంట్’ అంటారు, చివరి ‘ట్’ చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది. ఆఫీసు కాల్‌లో అవతలివాళ్లు రాగలమన్నారో రాలేమన్నారో తెలియక టెన్షన్ పడిన తెలుగువాళ్లు నాకు చాలామంది తెలుసు. అప్పుడు మనం అడిగేది ఒకటే: ‘కెన్ ఆర్ కెనాట్?’ అవతలివాళ్లు ఈసారి ఆగి, ఒత్తి, ‘నాట్’ని మొత్తంగా పలుకుతారు.