విమానాల బోల్టులు, రివెట్లు, రేకులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఇప్పుడు శంషాబాద్‌లోని విమాన నిర్వహణ కేంద్రాలకూ, ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలకూ పనికి వస్తున్నారు. వీరిలో చాలామందికి ట్రాక్టర్లు, రైస్ మిల్లు యంత్రాలు, బోరు మోటార్లు బాగుచేసిన అనుభవం ఉంటుంది. ఆ చేతి నైపుణ్యం ఎంతో విలువైనది. అయితే దానితో పాటు వచ్చే కొన్ని నమ్మకాలు విమానం దగ్గర ప్రమాదకరం కాగలవు. వాటిలో నాకు తరచుగా ఎదురయ్యే వాటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "గదే సైజు బోల్టు మా గడియారం సెంటర్ల దొరుకుతది గద సార్, ఇంకా గట్టిది గూడ దొరుకుతది. గన్ని పైసలు పెట్టి బయటి దేశం నుంచి ఎందుకు తెప్పిస్తరు?"

వాస్తవం: నల్లగొండకు చెందిన ఒక ట్రైనీ అడిగిన ఈ ప్రశ్నలో సగం నిజముంది. తలపై 10.9 అని ముద్ర ఉన్న బజారు బోల్టు దాదాపు 1000 మెగాపాస్కల్ లాగుడు బలాన్ని తట్టుకుంటుంది. విమానాల్లో సర్వసాధారణంగా వాడే, ఏఎన్ అనే అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన ఉక్కు బోల్టు బలం చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు, అంటే సుమారు 860 మెగాపాస్కల్ మాత్రమే. కాబట్టి బలం ఒక్కటే చూస్తే మిర్యాలగూడ మిల్లులో వాడే బోల్టే గెలుస్తుంది. అయినా దానిని విమానానికి వేయము.

ఏఎన్ బోల్టును నికెల్ కలిసిన ఉక్కుతో చేసి, దానిపై కాడ్మియం పూత వేస్తారు. అతిగా భారం పడినప్పుడు అది పెళుసుగా విరిగిపోకుండా ముందు సాగేలా ఆ ఉక్కును ఎంచుకుంటారు. మరలు లేని నున్నటి భాగాన్ని గ్రిప్ అంటాము. ఆ పొడవు, బిగించే రేకుల మొత్తం మందానికి సమానంగా ఉండాలి. అడ్డంగా కోసే బలాన్ని నున్నటి కాండమే మోయాలి గాని, మరలు మోయకూడదు. బజారు బోల్టులో చాలాసార్లు మరలు దాదాపు తల వరకూ ఉంటాయి, పైగా కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. ఏఎన్4 బోల్టు వ్యాసం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా ఉందని 6 మిల్లీమీటర్ల బోల్టును వేస్తే రంధ్రంలో 0.35 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. విమానం కంపిస్తున్న ప్రతిసారీ బోల్టు ఆ ఖాళీలో కదులుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తూ పోతుంది.

అంత చిన్న తేడా ఏం చేస్తుందో 1990 జూన్ 10న బ్రిటన్‌లో తెలిసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి 17,300 అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ శరీరం సగం వరకూ బయటికి లాగబడింది. సిబ్బంది ఆయనను పట్టుకుని ఉండగా సహపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. కెప్టెన్ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ అద్దాన్ని అంతకు 27 గంటల ముందే మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం 0.026 అంగుళాలు, అంటే 0.66 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. మిగిలినవి పొడవు చాలనివి. పాత బోల్టును చేతిలో పట్టుకుని, దానికి జతగా కనిపించిన దానిని కంటిచూపుతో ఎంచుకోవడం వల్ల ఇది జరిగింది. అంతకంటే ముఖ్యమైన విషయం, ఊడదీసిన ఆ పాత బోల్టులు కూడా అక్కడ ఉండవలసినవి కావు. అందుకే పాతది చూసి కొత్తది తీయవద్దని, భాగాల పట్టికలో నంబరు చూసి తీయమని ట్రైనీలకు మొదటి రోజు నుంచే చెబుతాము.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: పావు అంగుళం ఏఎన్ బోల్టుకు సాధారణ నట్టుతో ఇవ్వవలసిన బిగింపు బలం (టార్క్) 50 నుంచి 70 అంగుళ-పౌండ్లు, అంటే దాదాపు 5.6 నుంచి 7.9 న్యూటన్ మీటర్లు. బలమున్న మనిషి మామూలు స్పానర్‌తో దీనిని తెలియకుండానే దాటేస్తాడు. అలా దాటినప్పుడు బోల్టు అప్పటికప్పుడు తెగదు. సాగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ, లోపల తన పట్టును కోల్పోతుంది. ఈ అంకెలు పొడిగా, శుభ్రంగా ఉన్న మరలకు చెప్పినవి. మరలకు గ్రీజు ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఇంకా ఎక్కువ లాగబడుతుంది. ఇక సెల్ఫ్ లాకింగ్ నట్టు, అంటే కంపనకు వదులు కాకుండా తానే పట్టుకుని ఉండే నట్టు విషయంలో, అది బోల్టుపై ఖాళీగా తిరగడానికే కొంత బలం కావాలి. ముందు దానిని బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో కొలిచి, మాన్యువల్‌లో చెప్పిన విలువకు కలపాలి. స్ప్లిట్ పిన్ వేసే, పైన గాడులున్న క్యాజిల్ నట్టు అయితే కింది విలువ దగ్గర మొదలుపెట్టి, నట్టు గాడి, బోల్టు రంధ్రం కలిసే వరకూ బిగించాలి. పై విలువకు చేరినా కలవకపోతే వాషర్ మార్చాలి. "ఇంకొంచెం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

లాకింగ్ నట్టు ఉంటే ఇక ఊడదన్న నమ్మకం కూడా పూర్తిగా సరి కాదు. నైలాన్ లేదా ఫైబర్ వలయం ఉన్న నట్టును 121 డిగ్రీల సెల్సియస్ దాటే చోట వాడరాదు. బోల్టు తిరిగే కీళ్ల దగ్గర, ఉదాహరణకు కంట్రోల్ కేబుల్ కప్పీల దగ్గర, క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్నే ఉండాలి. వాడిన ఫైబర్ నట్టు చేతివేళ్లతో బోల్టు మీద పూర్తిగా తిరిగిపోతే, దాని పట్టు అయిపోయినట్టే. సేఫ్టీ వైరు సంగతీ అంతే. అది బిగింపును ఇవ్వదు, సరిగా బిగించిన దానిని వదులు కాకుండా ఆపుతుంది. 0.032 అంగుళాల వైరును అంగుళానికి 6 నుంచి 8 మెలికలతో, బోల్టును బిగించే దిశగా లాగేలా కట్టాలి. ఒకసారి విప్పిన వైరును మళ్లీ వాడరాదు.

అపోహ: విమానం రేకు మన ఇంట్లోని సత్తు గిన్నె రేకే.

వాస్తవం: శుద్ధ అల్యూమినియం చాలా మెత్తనిది. 1900ల తొలి దశకంలో జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్, రాగి కొద్దిగా కలిపిన అల్యూమినియాన్ని కాచి, వేగంగా చల్లార్చి కొన్ని రోజులు వదిలేస్తే అది తనంతట తానే గట్టిపడుతుందని కనుగొన్నారు. ఇప్పుడు విమానాల తొడుగుకు విరివిగా వాడే 2024-టీ3 మిశ్రమం ఆ కోవలోదే. అందులో నాలుగు శాతానికి పైగా రాగి ఉంటుంది. మామూలు ఉక్కుతో పోల్చదగిన బలం ఉండగా, బరువు దాదాపు మూడో వంతే. అయితే రాగి కలవడం వల్ల తుప్పును తట్టుకునే గుణం తగ్గుతుంది. అందుకే రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పలుచని పొర వేసిన రేకును వాడతారు. మెరిసే ఆ పొరను గీత పడేలా గీకితే, లోపలి మిశ్రమానికి ఉన్న రక్షణను మనమే తీసేసినట్టు. మార్కింగ్‌కు మామూలు పెన్సిల్ కూడా వాడరాదు. అందులోని గ్రాఫైట్ తేమతో కలిసినప్పుడు ఆ గీత వెంటే అల్యూమినియం తినబడుతుంది.

ఇదే కారణంతో "తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు వేస్తే పోదా" అనే ప్రశ్నకు కూడా జవాబు చెప్పవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఏమీ కాకపోవచ్చు, కాని తేమ చేరితే దాని పక్కనున్న అల్యూమినియం తుప్పు పడుతుంది. విద్యుత్ రసాయన స్వభావంలో కాడ్మియం అల్యూమినియానికి దగ్గరగా ఉంటుంది కాబట్టే ఉక్కు బోల్టులకు ఆ పూత వేస్తారు. కాడ్మియం విషపూరితం. పూత ఉన్న బోల్టును ఎమరీ కాగితంతో రుద్దడం, వేడి చేయడం రెండూ చేయరాదు. కార్బన్ ఫైబర్ కూడా అల్యూమినియాన్ని ఇలాగే తినేస్తుంది కనుక అక్కడ టైటానియం బిగింపులను వాడతారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ టైటానియం మిశ్రమాలను తయారుచేస్తుందన్న సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి.

అపోహ: రివెట్లు పాతకాలపు పద్ధతి, వెల్డింగ్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

వాస్తవం: 2024 మిశ్రమాన్ని మామూలుగా వెల్డ్ చేస్తే వేడికి దాని బలం చాలావరకు పోతుంది, పగుళ్లు రావచ్చు. రివెట్ అంటే రంధ్రంలో దూర్చి, వెనుక వైపు కొట్టి తల చేసే లోహపు మేకు. మంచి రివెట్ వేడి లేకుండానే రంధ్రాన్ని నింపి రేకులను పట్టుకుంటుంది. ఎనిమిదో వంతు అంగుళం రివెట్‌ను కొట్టాక వెనుక వైపు ఏర్పడే తలను గేజ్‌తో చూస్తాము. వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు, ఎత్తు వ్యాసంలో సగం, అంటే 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. తల ఒక పక్కకు వాలినా, చీలినా తీసివేయాలి. రేకు అంచు నుంచి రివెట్ మధ్యభాగం వరకూ కనీసం వ్యాసానికి రెండు రెట్ల దూరం ఉండాలి.

రివెట్ వరుసలు ఎన్ని ఉండాలన్నది కూడా ఇంజినీరింగ్ నిర్ణయమే, పనివాడి ఇష్టం కాదు. జపాన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఒక 747 విమానం 1978లో తోక నేలకు తాకి దెబ్బతిన్నప్పుడు, వెనుక ప్రెషర్ బల్క్‌హెడ్‌ను, అంటే క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆపి ఉంచే గోడను మరమ్మతు చేశారు. కలిపే పలకను రెండు ముక్కలుగా వేయడంతో, రెండు వరుసల రివెట్లు మోయాల్సిన భారం ఒకే వరుస మీద పడింది. ఏడేళ్లు ఎగిరాక, 1985 ఆగస్టు 12న ఆ బల్క్‌హెడ్ పగిలి 520 మంది మరణించారు. ఈ సంఘటనను నేను ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెబుతాను. తప్పుగా చేసిన మరమ్మతు మరుసటి రోజే బయటపడాలన్న నియమమేమీ లేదు.

అపోహ: కాంపోజిట్ విమానానికి తుప్పు లేదు కాబట్టి తనిఖీ అక్కరలేదు.

వాస్తవం: బోయింగ్ 787 నిర్మాణంలో బరువు లెక్కన దాదాపు సగం కాంపోజిట్లే, అంటే కార్బన్ ఫైబర్ వంటి పోగులను జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేసిన పదార్థాలే. చేతిలోని పనిముట్టు జారి పడితే అల్యూమినియంపై సొట్ట కనబడుతుంది. కార్బన్ పలకపై పైన ఏమీ కనబడకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. అందుకే పనిముట్టు పడిందని చెప్పడం మెకానిక్ బాధ్యత. కొన్ని చోట్ల చిన్న లోహపు సుత్తితో తట్టి, శబ్దం మొద్దుబారిన చోటును గుర్తించి, తర్వాత అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు.

రెక్క మీద వెండి రంగు టేపు చూసి ప్రయాణికులు కంగారు పడుతుంటారు. అది అల్యూమినియంతో చేసిన ప్రత్యేక టేపు. మాన్యువల్ అనుమతించిన చోట మాత్రమే, తాత్కాలికంగా వేస్తారు. భారం మోసే భాగాన్ని దానితో అతికించరు.

అపోహ: భాగం మంచిదైతే చాలు, కాగితాలు ఆఫీసు లాంఛనం.

వాస్తవం: 1989 సెప్టెంబర్ 8న డెన్మార్క్ తీరం దగ్గర నార్వేకు చెందిన పార్ట్‌నేర్ సంస్థ విమానం సముద్రంలో కూలి 55 మంది చనిపోయారు. తోకను పట్టి ఉంచే పిన్నులు, తొడుగుల్లో కొన్ని నకిలీవని, తగిన కాఠిన్యం లేనివని దర్యాప్తులో తేలింది. పైకి చూస్తే వాటిలో ఏ తేడా కనబడి ఉండదు. ఏ ఉక్కుతో చేశారు, ఎలా కాచారు, ఎవరు పరీక్షించారు అన్నది బోల్టు మీద కనబడదు, దానితో వచ్చే కాగితంలోనే ఉంటుంది. మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థ ఇచ్చే సీఏ ఫారం 1, అమెరికా నుంచి వస్తే 8130-3 పత్రం, ఐరోపా నుంచి వస్తే ఈఏఎస్ఏ ఫారం 1 ఉండాలి. బోల్టులు, రివెట్ల వంటి ప్రామాణిక సామాగ్రికి తయారీదారు ఇచ్చే అనుగుణ్యత పత్రం, బ్యాచ్ నంబరు చూడాలి. స్టోర్‌లో డబ్బా మారిపోయిన బోల్టు, నేల మీద దొరికిన బోల్టు, కాగితం పోయిన బోల్టు ఎంత కొత్తగా మెరుస్తున్నా విమానానికి పనికిరావు. వాటిని ఎర్ర ట్యాగ్ కట్టి క్వారంటైన్ గదిలో వేరుగా పెట్టాలి. పనికిరాదని తేల్చిన భాగాన్ని తుక్కుకు పంపే ముందు, బయట ఎవరూ మళ్లీ శుభ్రం చేసి అమ్మలేని విధంగా కోసి, దానిపై ఉన్న భాగం నంబరును కూడా చెరిపివేయాలి.